బిడ్డ చేతులు మారేటప్పుడు

(శిశు సంక్షేమ రంగంలో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల కోసం తిరుపతిలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దత్తత చట్టం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చట్టం నాకంటే బాగా తెలిసిన న్యాయవాదులు ఈ హాల్లోనే ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పిల్లల హోముల్లో, శిశుగృహాల్లో పనిచేసి రిటైరైనదాన్ని. అందుకని ముందు ఒక ప్రయాణం గురించి చెప్పి, తరవాత చట్టానికి వస్తాను. ఆ ప్రయాణంలో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని మీ ముందు పెట్టకుండా మిగతాది మాట్లాడే అర్హత నాకు లేదు.

పేర్లు చెప్పను. ఆ పాపకు ఇప్పుడు నలభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. తన కథ చెప్పుకునే హక్కు తనది. సంస్థ పేరు కూడా అక్కరలేదు. ఆ రోజుల్లో చాలాచోట్ల అలాగే జరిగేది.

అది 1988. పాపకు రెండేళ్ళు దాటి మూడు నెలలు. నెలల గుడ్డుగా ఉన్నప్పుడు బస్టాండులో దొరికితే పోలీసులు తెచ్చి మాకు అప్పజెప్పారు. అప్పటినుంచీ పెంచింది ఒక ఆయమ్మ. పుత్తూరు దగ్గర పల్లె ఆమెది. ఎనిమిదిమంది పిల్లల్ని చూసుకునేది. నెలకు 300 రూపాయల జీతం. పాప రాత్రిళ్ళు ఆమె పక్కనే, ఆమె కొంగు వేళ్ళకు చుట్టుకుని పడుకునేది. పప్పులో సంగటి నలిపి పెడితే ఆమె చేత్తోనే తినేది. ఇంకెవరు పెట్టినా నోరు బిగించేది. ఆమెను 'అమ్మా' అని పిలిచేది. "అమ్మ అనకూడదు, ఆయమ్మ అనాలి" అని మేం సరిదిద్దేవాళ్ళం.

స్వీడన్‌లో ఒక దంపతులు పాప ఫోటో చూసి ఒప్పుకున్నారు. అప్పట్లో పద్ధతేమిటంటే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఇక్కడి కోర్టు వాళ్ళను సంరక్షకులుగా నియమించేది. అసలు దత్తత వాళ్ళ దేశం వెళ్ళాక అక్కడి చట్టం ప్రకారం జరిగేది. తల్లిదండ్రులు ఇక్కడికి రాకపోయినా, బిడ్డను ఎవరో ఒకరు తోడు తీసుకెళ్ళి అప్పజెప్పవచ్చు. మా సంస్థలో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేను. పెళ్ళి కాలేదు, ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. నన్ను పంపారు. విమానం ఎక్కడం అదే మొదటిసారి. సంబరపడ్డాను కూడా.

బయల్దేరే ముందు రోజు పైనుంచి ఒక మాట వచ్చింది. "రేపు పొద్దున ఆయమ్మను రావద్దనండి. ఆమెను చూస్తే బిడ్డ ఏడుస్తుంది, రైలు తప్పిపోతుంది." ఆ మాట ఆమెకు చెప్పింది నేనే. నేను చేసిన తప్పు అది. ఆమె ఏమీ అనలేదు. పాపకు తలంటి, రెండు జడలు వేసి, కొబ్బరినూనె సీసా ఒకటి నా సంచిలో పెట్టి వెళ్ళిపోయింది.

తిరుపతి నుంచి మద్రాసు దాకా రైల్లో పాప ఏడ్చింది. అది మామూలు ఏడుపు కాదు, తలుపు వైపు చేతులు చాచి పిలవడం. మద్రాసు నుంచి బొంబాయి వచ్చేసరికి గొంతు పోయింది. ఇక బొంబాయిలో రాత్రి విమానం ఎక్కాక ఒక్కసారిగా ఏడుపు మానేసింది. పెట్టింది తినలేదు, ఇచ్చిన బొమ్మ ముట్టుకోలేదు. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి "ఎంత బుద్ధిమంతురాలు మీ పాప" అంది. నాకూ అలాగే అనిపించింది. అమ్మయ్య, సర్దుకుంది అనుకున్నాను.

తెల్లవారేసరికి నా మెడ పట్టుకుంది. వదల్లేదు. బాత్రూముకు పోవాలన్నా ఎత్తుకునే పోవాల్సి వచ్చింది. విమానం మారేచోట గంటలకొద్దీ కూర్చుంటే నా ఒళ్ళోనే పడుకుంది. నా చేత్తో రెండు బిస్కెట్లు తినింది. నిజం చెప్పాలంటే గర్వంగా అనిపించింది. ఈ బిడ్డ నన్ను నమ్మింది అనుకున్నాను. నమ్మింది కూడా. కానీ ఆ నమ్మకాన్ని మర్నాడే తెంచేయడానికి వెళుతున్నదాన్ని నేను.

స్టాక్‌హోంలో వాళ్ళు పూలు, బొమ్మలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మంచివాళ్ళు. ఆమె ఏడుస్తూ నవ్వుతూ గుండె మీద చెయ్యి పెట్టుకుని "మామ్మా, మామ్మా" అంది. వాళ్ళ భాషలో అమ్మ అని. పాపకు ఆ మాటా తెలియదు, ఆ ముఖమూ తెలియదు. నా మెడ చుట్టూ ఉన్న చేతులు ఇంకా బిగించింది. ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది నేనే. మూడు రోజుల్లో ఆ బిడ్డకు రెండోసారి అమ్మ పోయింది.

తిరిగొచ్చాక ఆయమ్మ నన్ను ఒకే ఒక మాట అడిగింది. "బువ్వ తినిందా మేడమ్మా?" తినింది అన్నాను.

అప్పట్లో ఇదంతా నాకు ప్రేమ, అదృష్టం, పుణ్యం అనే మాటల్లోనే అర్థమయ్యేది. "బిడ్డ అదృష్టవంతురాలు, ఫారిన్ పోయింది" అనేవాళ్ళం. చాలా ఏళ్ళ తరవాత ఒక శిక్షణలో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన తీసిన సినిమా గురించి విన్నాను. 1952లో ఇంగ్లండులో తీసింది. ఆసుపత్రిలో తల్లికి దూరంగా ఉంచిన రెండేళ్ళ పిల్లను అలా కెమెరాతో చూపించాడు, అంతే. ఆయన, జాన్ బౌల్బీ కలిసి గమనించిందేమిటంటే, బిడ్డ మొదట ఏడ్చి పోరాడుతుంది. తరవాత ఆశ వదులుకుని మౌనమైపోతుంది. ఆ తరవాత ఎవరొచ్చినా ఒకటే అన్నట్టు ఉంటుంది. రెండో దశనే ఆసుపత్రుల్లో 'సర్దుకుంది' అనుకునేవారు. అది విన్నప్పుడు విమానంలో 'బుద్ధిమంతురాలు' అన్న మాట గుర్తొచ్చి లేచి బయటికి వెళ్ళిపోయాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. బౌల్బీ సిద్ధాంతాన్ని ఆడవాళ్ళ మీద ఆయుధంగా వాడినవాళ్ళు చాలామంది ఉన్నారు. బిడ్డకు తల్లి కావాలి కాబట్టి ఆడది ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవాలన్నారు. మనం దాన్ని ఒప్పుకోం. మా ఆయమ్మను చూడండి. ఆమె కనలేదు, పాలివ్వలేదు, రక్తసంబంధం లేదు. రోజూ కడిగి, తినిపించి, పక్కన పడుకోబెట్టుకుంది. బంధం అక్కడ పుట్టింది. కన్నందువల్లే తల్లితనం వస్తుందనే పితృస్వామ్య నమ్మకాన్ని ఆయాలూ దత్తత తల్లులూ రోజూ అబద్ధం చేస్తున్నారు. కానీ ఆ బంధం శ్రమతో, కాలంతో వస్తుంది. దానికి ఆ కాలం ఇవ్వమనే నేనడిగేది.

ఇప్పుడు చట్టానికి వస్తాను. లక్ష్మీకాంత్ పాండే కేసులో 1984 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, జస్టిస్ భగవతి తీర్పుతో, విదేశీ దత్తతలకు మొదటిసారి కట్టుబాట్లు పెట్టింది. ముందు దేశంలోనే కుటుంబం వెతకాలంది. 1990లో కేంద్ర ప్రభుత్వం కారా అనే సంస్థను పెట్టింది. 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని మన దేశం 2003లో ఆమోదించింది. తరవాత 2015 జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది. 2022 నుంచి దత్తత ఉత్తర్వులు ఇచ్చే అధికారం కోర్టు నుంచి జిల్లా కలెక్టరుకు వెళ్ళింది.

ఇవన్నీ ఊరికే రాలేదు. 1999లో, మళ్ళీ 2001లో, తెలంగాణ లంబాడా తండాల నుంచి ఆడపిల్లల్ని కొని హైదరాబాదు సంస్థల ద్వారా విదేశీ దత్తతకు పంపుతున్నారని బయటపడింది. కన్నవాళ్ళు బిడ్డను స్వయంగా వదులుకున్నట్టు కాగితాలు ఉండేవి. వేలిముద్రలూ ఉండేవి. ఆ తల్లికి ఏం చెప్పి వేయించుకున్నారో కాగితం చెప్పదు. మహిళా సంఘాలు, హక్కుల సంఘాలు పోరాడాక 2001లో రాష్ట్ర ప్రభుత్వం అలా వదులుకున్న పిల్లల దత్తతనే నిషేధించింది. బిడ్డ చేతులు మారే ప్రతిచోటా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: కన్న తల్లి నిజంగా ఇచ్చిందా, లేక పేదరికం లాక్కుందా? ఈ ప్రశ్న ఇప్పుడు పిల్లల్ని తీసుకున్న దేశాల్లోనూ లేస్తోంది. 2025 జూన్‌లో స్వీడన్ ప్రభుత్వం వేసిన కమిషన్, గతంలో జరిగిన అక్రమాలు చూసి, విదేశీ దత్తతలే ఆపేయాలని సిఫార్సు చేసింది.

ఇన్ని కట్టుబాట్లు వచ్చినందుకు సంతోషమే. కానీ బిడ్డను ఒక ఒడిలోనుంచి ఇంకో ఒడిలోకి మార్చే రోజు ఎలా ఉండాలో చూసేవాళ్ళు ఇప్పటికీ తక్కువ. చాలాచోట్ల అది ఒక దండ, ఒక ఫోటో, ఒక సంతకం. అరగంటలో అయిపోతుంది.

అది వేరేగా జరగగలదని నేను చూశాను. 2012లో అమెరికాలో ఉంటున్న తెలుగు దంపతులు రెండేళ్ళ బాబు కోసం వచ్చారు. కోర్టు ఉత్తర్వు వచ్చింది, పాస్‌పోర్టు, వీసా పనులున్నాయి. ఆ మూడు వారాలూ హోటల్లో కూర్చోకుండా, శిశుగృహానికి దగ్గర్లో ఒక ఇల్లు అద్దెకు తీసుకోమన్నాను. ఆయమ్మతో కలిసే అంతా చేద్దామన్నాను.

మొదటి నాలుగు రోజులు ఆ తల్లి వరండాలో ఆయమ్మ పక్కన కూర్చుంది, అంతే. బాబును ముట్టుకోలేదు. గిన్నె అందించేది, ఆయమ్మ తినిపించేది. అయిదో రోజు ఆయమ్మ పక్కన ఉండగా తను తినిపించబోతే బాబు ముఖం తిప్పుకున్నాడు. ఆరో రోజూ అంతే. తండ్రి దగ్గరికి మాత్రం పోయాడు. ఆమె ఆ రాత్రి నా దగ్గర ఏడ్చింది. "నేను నొప్పులు పడి కనలేదని వాడికి తెలిసిపోయిందా అక్కా?" అంది. అంత చదువుకున్న మనిషి! అత్తగారు ఫోన్‌లో "దగ్గరికి రాకపోతే ఇంకో పిల్లాణ్ణి చూసుకోండి" అన్నారట.

నేను ఆమెకు ఒకటే చెప్పాను. "వాడు ఆయమ్మ కోసం నిన్ను కాదంటున్నాడంటే అది మంచి వార్తమ్మా. ఒకరిని నమ్మడం వచ్చిన బిడ్డ ఇంకొకరినీ నమ్ముతాడు. వచ్చినవాళ్ళందరి ఒళ్ళోకీ దూకే బిడ్డను చూసే మనం భయపడాలి."

రెండో వారం స్నానం ఆమె చేయించింది, ఆయమ్మ నీళ్ళు పోసింది. రాత్రిళ్ళు ఆయమ్మ అద్దె ఇంటికే వచ్చి, చాప వేసుకుని బాబుకు ఒక పక్క పడుకుంది, ఆమె ఇంకో పక్క. మూడో వారం ఆయమ్మ పగలు ఇంటికి పోయి రాత్రికి వచ్చేది. "ఆయమ్మ పోతే మళ్ళీ వస్తుంది" అని బాబు నేర్చుకున్నాడు. ఒక రాత్రి నిద్రలో లేచి ఆమె వైపే దొర్లాడు. ఆయమ్మ చూసింది. పొద్దున నాతో అంది: "ఇంగ నేను అక్కర్లేదు మేడమ్మా. మంచిదే. కడుపులో మాత్రం ఎట్లనో ఉండాది."

తిరుపతి కదా, బంధువులంతా కొండకు తీసుకెళ్ళి గుండు కొట్టించమన్నారు. కొత్త పేరు పెట్టమన్నారు. గుండు, కొత్త పేరు, కొత్త బట్టలు, కొత్త మనుషులు, కొత్త దేశం, అన్నీ ఒకే నెలలో అయితే ఆ బిడ్డ అద్దంలో కూడా తనను తాను గుర్తుపట్టలేడు. వాళ్ళు విన్నారు. మొక్కు తరవాత వచ్చినప్పుడు తీర్చుకున్నారు. పాత పేరు ఇంటి పేరు పక్కన అలాగే ఉంచారు.

వెళ్ళేరోజు ఆయమ్మను రానిచ్చాం. ఆమే బాబును ఎత్తుకుని చెప్పింది. "నేను ఈడ్నే ఉంటా నాయనా. నువ్వు మీ అమ్మ, నాయన కాడికి పోతా ఉండావు." తనే ఆ తల్లి చేతికి ఇచ్చింది. బాబు ఏడ్చాడు. చాక్లెట్ పెట్టి నోరు మూయించకుండా, ఎత్తుకుని ఏడవనిచ్చారు. సంచిలో ఆయమ్మ పాత చీర ముక్క, ఉతకని దుప్పటి, రాగిపిండి పెట్టుకున్నారు. విమానంలో ఎవరెంత ముద్దు చేయబోయినా తినిపించడం, ఎత్తుకోవడం ఆ ఇద్దరే చేశారు. అక్కడికెళ్ళాక పగలూ రాత్రీ తారుమారై నెలరోజులు నిద్రల్లేవు. బాబు ఆ చీర ముక్క వదల్లేదు. అయినా మౌనమైపోలేదు. కోపం వస్తే వాళ్ళ మీదే అరిచేవాడు, భయమేస్తే వాళ్ళ దగ్గరికే పరుగెత్తేవాడు. అది చాలు.

ఈ కథ ఇంత బాగా జరిగింది కదా, మరి ఆ మూడు వారాల రాత్రి పని ఆయమ్మ ఖాతాలో ఎలా రాశారో తెలుసా? సెలవు కింద. రిజిస్టరు తీసి చూసేదాకా నాకూ తెలియలేదు. బిడ్డను మానసికంగా బతికించిన పని ఎవరి లెక్కల్లోనూ పని కాలేదు. ఆడవాళ్ళ అదృశ్య శ్రమ గురించి మనం వ్యాసాలు రాస్తాం. మన సంస్థల్లో ఆయాల జీతాల పట్టీ ఒకసారి తీసి చూద్దాం.

దత్తత తల్లికైనా కాలం దొరుకుతోందా? 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, మూడు నెలల లోపు బిడ్డను దత్తత తీసుకుంటేనే 12 వారాల సెలవు అని రాశారు. అదే ప్రభుత్వం రాసిన 2015 చట్టం ప్రకారం దొరికిన పసిబిడ్డను దత్తతకు అర్హురాలని ప్రకటించడానికే రెండు నెలల దాకా, రెండేళ్ళు దాటితే నాలుగు నెలల దాకా పడుతుంది. తరవాత కుటుంబాన్ని వెతకాలి. ఇక మూడు నెలల బిడ్డ ఎక్కడ దొరుకుతుంది? దీన్నే ప్రశ్నిస్తూ హంసానందిని నండూరి అనే దత్తత తల్లి సుప్రీంకోర్టు తలుపు తట్టారు. కొత్త ఇంటికి వచ్చిన రెండేళ్ళ బిడ్డకే తల్లి కాలం ఎక్కువ కావాలని ఆ సవరణ రాసినవాళ్ళకు తట్టలేదు.

కాబట్టి మనం అడగాల్సినవి నాకు తోచినంతవరకు ఇవి.

ఒకటి. బిడ్డను వదులుకుంటానన్న తల్లికి చట్టం రెండు నెలలు ఆలోచించుకునే గడువు ఇచ్చింది. ఆ రెండు నెలలూ ఆమెకు తిండి, ఉండే చోటు, తోడు దొరికేలా చూడాలి. లేకపోతే ఆ గడువు కాగితం మీదే ఉంటుంది.

రెండు. దేశంలోకైనా, పరదేశానికైనా, బిడ్డ వెళ్ళే ముందు కనీసం రెండు మూడు వారాలు ఆయా, కొత్త తల్లిదండ్రులు కలిసి బిడ్డను చూసుకోవాలి. ఆ రోజుల్లో ఆయాకు అది డ్యూటీ. రాత్రి పనికి రాత్రి జీతం.

మూడు. అప్పగింత రోజు ఆయా ఉండాలి. బిడ్డకు వీడ్కోలు చెప్పే హక్కు ఆమెకు, వినే హక్కు బిడ్డకు ఉన్నాయి. ఆ తరవాత ఆమెకూ నాలుగు రోజులు జీతంతో సెలవు కావాలి. మర్నాడే ఇంకో పసిబిడ్డను చేతిలో పెట్టకండి.

నాలుగు. విదేశానికి వెళ్ళిన బిడ్డ గురించి మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి నివేదిక రావాలని నిబంధన ఉంది. బరువు, ఎత్తు, టీకాలతో పాటు 'భయమేస్తే ఎవరి దగ్గరికి వెళుతోంది?' అని కూడా అందులో అడగాలి.

అయిదు. ప్రతి బిడ్డకూ ఒక పుస్తకం ఉండాలి. ఆయా చెబుతుంటే మనం రాయాలి. ఎలా నిద్రపోతుంది, ఏం తింటుంది, ఏ మాటలు వచ్చు, దేనికి భయం. మొదటి పేజీలో ఆయా పేరు ఉండాలి.

ఈ అయిదోది నాకు నేర్పింది స్వీడన్ వెళ్ళిన ఆ పాపే. కొన్నేళ్ళ క్రితం తను తిరుపతి వచ్చింది. ఫైలు చూపించమంది. ఫైల్లో పోలీసు కాగితం, డాక్టరు కాగితం, కోర్టు ఉత్తర్వు, తోడు వెళ్ళిన మనిషిగా నా సంతకం ఉన్నాయి. రెండేళ్ళు పెంచిన మనిషి పేరు ఎక్కడా లేదు. "నన్ను ఎవరు ఎత్తుకునేవారు?" అని అడిగింది. కన్నతల్లి ఎవరో చెప్పడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు ఉంది. బస్సెక్కి పుత్తూరు వైపు వెళ్ళాం.

ఆయమ్మకు చూపు తగ్గింది. ఎవరో చెప్పాక పట్టుకుని ముఖమంతా తడిమింది. పాపకు ఏమీ గుర్తు లేదు. భాషా లేదు. నేను మధ్యలో కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాను. ఆయమ్మ గంటసేపు చెప్పింది. వాన పడితే నవ్వేదని, కుక్కంటే భయమని, కొంగు వేళ్ళకు చుట్టుకోనిదే నిద్రపోయేది కాదని, మొదటి పన్ను వచ్చినప్పుడు తన భుజం కొరికిందని. పాప ఒక నోటు పుస్తకం తీసి అంతా రాసుకుంది. "రెండేళ్ళ ముందు నేను ఎలా ఉండేదాన్నో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు" అంది.

లేచేముందు నేను ఆయమ్మకు నిజం చెప్పాను. ఆ రోజు పాప బువ్వ తినలేదని, రెండు బిస్కెట్లే తినిందని. "తెలుసు మేడమ్మా" అంది. "నువ్వు అట్ల చెప్పకుంటే నాకు ఆ పొద్దు నిద్ర పట్టేది కాదు."

ఈ సాయంత్రం మీరు మీ హోములకు వెళ్ళాక ఒక్క ఫైలు తెరవండి. అందులో ఆ బిడ్డను ఎత్తుకునే మనిషి పేరు లేకపోతే, ఆమెను పిలిచి, అడిగి, రాయండి.